క్షయకు రక్తపరీక్ష – చేయించుకొనుటయా, మానుటయా?

మన యిండ్లలో కొన్ని రోగముల పేర్లు బిగ్గరగా పలుకము. మధుమేహమును గుఱించి పేరంటములలోనైనను ముచ్చటించుకొందుము. రక్తపుపోటు మాత్రలను పొరుగింటివారి మాత్రలతో పోల్చి చూచుకొందుము. మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పనక్కఱయే లేదు. కాని క్షయ యను మాట వచ్చునప్పటికి గొంతు తగ్గింతుము; పిల్లలను అవతలికి పొమ్మందుము. ఆ యింట పెండ్లికెదిగిన పిల్ల యున్నచో నింకను జాగ్రత్తపడుదుము. ఇట్టి స్థితిలో ఏ రోగమును లేక తిరుగుచున్నవారిని సైతము "మీరును పరీక్ష చేయించుకొనుడు" అని వైద్యులు చెప్పినచో ఆ యింటి స్త్రీలకు కలుగు కలవరమింతంత కాదు. అట్టి కలవరము ఈ సంవత్సరము మా యింట ప్రవేశించినది. అప్పుడు మేము తెలిసికొన్న సంగతులును, చేసిన నిర్ణయమును సోదరీమణుల యెదుట నుంచుట మంచిదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది గుంటూరు జిల్లాలో నొక పెద్ద గ్రామము. మా యింట నేడుగురము: మా అత్తగారు, మావారు, మేము, ఇరువదిరెండేండ్ల మా అమ్మాయి, మా మఱది, మా తోడికోడలు, వారి మూడేండ్ల పిల్లవాడు. సంక్రాంతి వెళ్లిన పిదప మా మఱదికి దగ్గు పట్టుకొన్నది. మిరపకాయల దినములలో మా యూరంతయు దగ్గుచునే యుండును. అయినను రెండువారములు దాటినను తగ్గకపోవుటయు, సాయంకాలములందు ఒళ్లు వెచ్చబడుటయు చూచి మావారతనిని ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోయిరి. అచట కఫమును పరీక్షించిరి. ఇప్పుడు ట్రూనాట్ అను యంత్రము వచ్చినది. అది కఫములోని క్రిమి జాడను పట్టుటయే కాక, ఆ క్రిమి ముఖ్యమైన మందునకు లొంగునో లొంగదో కూడ తెలుపును. క్షయ యని తేలినది. మందునకు లొంగు క్రిమియే యని కూడ తేలినది. ఆఱు మాసములు మందు వాడవలెననిరి. మందంతయు ప్రభుత్వమువారే యుచితముగా నిత్తురు. రోగి యాహారము కొఱకు 2018 నుండి నెలకు 500 రూపాయలిచ్చుచుండిరి. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసిరి.

ఇంతవఱకు మా యింట నెవ్వరికిని భిన్నాభిప్రాయము లేదు. రోగము వచ్చినది, మందున్నది, వాడవలెను. చిక్కంతయు పిమ్మట వచ్చినది. ఆసుపత్రి డాక్టరమ్మగారు మా మఱదితో, "ఇంటిలో నీతో కలిసియున్న వారందఱును నొకసారి రావలెను. ఛాతీకి ఎక్స్‌రే తీయుదుము. పెద్దవారికి, క్రిమి లోపల నిద్రించుచున్నదేమో తెలిసికొను రక్తపరీక్ష యొకటి కలదు, దానిని గుఱించి కూడ మాటలాడుకొందము" అని చెప్పి పంపిరి.

ఆ రాత్రి మా యింట నెవ్వరును సరిగా భోజనము చేయలేదు. అప్పటికే మా అమ్మాయికి సంబంధమొకటి కుదురు నట్లుండెను. పిల్లవాని తల్లిదండ్రులు వచ్చి చూచి పోయిరి. కట్నకానుకల ప్రసక్తి లేని మంచి కుటుంబము. మా అత్తగారు తేల్చి చెప్పిరి: "అమ్మాయీ, దగ్గు లేదు, జ్వరము లేదు, పిల్ల పూలకొమ్మవలె నున్నది. చేజేతుల రక్తము తీయించి, కాగితము మీద క్షయ యని వ్రాయించుకొందుమా? ఆ కాగితము రేపు ఎవరి కంటబడునో! ఊరి నోటికి మూత వేయగలమా?" ఆమె మాటలో నిర్దయ లేదు. డెబ్బదియాఱేండ్ల వారామె. ఆమె చిన్నతనమున ఆమె మేనత్తను మదనపల్లె దగ్గఱ ఆరోగ్యవరములోని క్షయ చికిత్సాలయమునకు పంపిరట. మేనత్త బాగుపడి తిరిగి వచ్చినను, ఆమె చెల్లెలికి చాలకాలము సంబంధములు రాలేదట. ఆ జ్ఞాపకమును మూఢత్వమని మేము త్రోసివేయలేకపోయితిమి.

మావారు ఎటును చెప్పక యూరకుండిరి. మా తోడికోడలి దుఃఖము వేఱు. ఆమె వంటింటిలో మా చేయి పట్టుకొని, "అక్కయ్యా, పరీక్షలో అమ్మాయికి ఉన్నదని వచ్చిందంటే, అది మా వల్లనే కదా! నేను మీ ముఖము ఎట్లా చూడగలను?" అని యేడ్చినది. ఒక్క గొట్టములోని రక్తము కొఱకు ఇంటిలో నిన్ని భయములు లేచినవి. కావున, పరీక్షకు పోవుటకు ముందుగా ఆ పరీక్ష యేమి చెప్పునో, ఏమి చెప్పదో తెలిసికొందమని మేమును మా అమ్మాయియు డాక్టరమ్మగారి యొద్దకు పోయితిమి. ఆమె చెప్పినవియు, పిమ్మట మేము చదివి తెలిసికొన్నవియు కలిపి క్రింద వ్రాయుచున్నాము.

క్షయక్రిమిని 1882 మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్ట్ కాక్ అను వైద్యుడు లోకమునకు తెలియజేసెను. 1890లో ఆయనయే ఆ క్రిమినుండి ట్యూబర్క్యులిన్ అను పదార్థమును తీసి, అది రోగమును మాన్పునని యాశించెను. అది మందుగా పనికిరాలేదు. కాని యొకందులకు పనికివచ్చినది. క్రిమి యదివఱకే ప్రవేశించిన శరీరములో ఆ పదార్థమును ఎక్కించినచో అచట చర్మము గట్టిపడి యుబ్బును. 1908లో మాంటూ అను ఫ్రెంచి వైద్యుడు దానిని చర్మము పొరలలోనికి సూదితో నెక్కించి చూచు పద్ధతిని స్థిరపఱచెను. నేటికిని ఆయన పేరుతోనే ఆ పరీక్షను పిలుచుచున్నారు. దానిలో రెండు చిక్కులు కలవు. సూది వేసిన రెండుమూడు దినములకు మఱల పోయి చేయి చూపవలెను; పసితనమున బీ.సీ.జీ. టీకా వేయించుకొన్నవారికి క్రిమి లేకున్నను ఉబ్బు కనబడవచ్చును.

మాకు చెప్పిన రక్తపరీక్ష యీ శతాబ్దారంభమున వాడుకలోనికి వచ్చినది. మన రక్తములో తెల్లకణములు కలవు. ఒకసారి దొంగను చూచిన కావలివాడు ఆ ముఖమును మఱచిపోనట్లే, క్షయక్రిమి నొకమాఱు ఎదుర్కొన్న కణములు దానిని మఱువవు. కొంచెము రక్తము తీసి, ఆ క్రిమికి సంబంధించిన మాంసకృత్తులు గల చిన్న గొట్టములలో పోసి, శరీరపు వేడిమిలో ఒక రాత్రి యుంచుదురు. పాతపరిచయము గల కణములు ఇంటర్‌ఫెరాన్ గామా యను పదార్థమును వెలువరించును. దానిని కొలిచి, ఉన్నది లేనిది చెప్పుదురు. ఆ మాంసకృత్తులు బీ.సీ.జీ. టీకాలో లేవు గనుక టీకా వలన పొరపాటు రాదు. ఒక్కసారి పోయి రక్తమిచ్చి వచ్చిన చాలును. చర్మము మీద చేయు పరీక్షలలో కూడ, టీకావలన పొరపడని సీ-టీబీ యను క్రొత్త పద్ధతి యిప్పుడు మన ప్రభుత్వ కార్యక్రమములోనికి వచ్చినది.

ఇక ఈ రక్తపరీక్ష చెప్పలేనివి కలవు. సోదరీమణులు వీనిని మఱింత శ్రద్ధతో చదువవలెనని మా కోరిక.

మొదటిది: క్రిమి లోపల నున్నదనుట వేఱు, రోగమున్నదనుట వేఱు. క్రిమి ప్రవేశించిన వారిలో నూటికి తొంబదిమందికి పైగా జీవితాంతము ఏ జబ్బును లేక యుందురు. శరీరము దానిని కట్టడిచేసి నిద్రపుచ్చును. నిద్రించు క్రిమి గలవారు దగ్గినను ఇతరులకు అంటదు. నూటికి అయిదుగురు మొదలు పదిమంది వఱకు మాత్రమే అది మేల్కొని రోగమగును. అందులో నించుమించు సగము మొదటి రెండేండ్లలోనే. మేల్కొన్నదో నిద్రించుచున్నదో యీ రక్తపరీక్షకు తెలియదు. ఆ కారణముచేత దగ్గు, జ్వరము, రాత్రివేళ చెమటలు, బరువు తగ్గుట మున్నగునవి కలవారు ఈ పరీక్షను నమ్ముకొని కూర్చుండరాదు. వారికి కావలసినది కఫపరీక్షయు, ఎక్స్‌రేయు. రక్తములో లేదని వచ్చినంత మాత్రమున రోగము లేదనుటకును వీలులేదు.

రెండవది: క్రిమి యెప్పుడు వచ్చినదో, ఎవరి వలన వచ్చినదో యది చెప్పదు. నిరుడు వచ్చినదైనను, నలువదియేండ్ల క్రిందట బడిలో వచ్చినదైనను ఒకే తీరున చూపును. ఇది విన్నంతనే మాకు మా తోడికోడలి కన్నీరు తలపునకు వచ్చినది. ఇంటికి వచ్చి మొట్టమొదట ఆమెకే చెప్పితిమి: "అమ్మా, ఆ కాగితము మీద ఉన్నదని వచ్చినను ఎవరు ఇచ్చిరో వ్రాసియుండదు. నీ మఱదిని, నీ మగనిని వేలెత్తి చూపు సాక్షి కాదది."

మూడవది: క్రిమి క్రొత్తగా ప్రవేశించినచో పరీక్షలో తెలియుటకు కొన్ని వారములు పట్టును. తొందరపడి చేయించినచో లేదని రావచ్చును. ఎనిమిది వారములు పోయిన పిమ్మట మఱల చూడవలసి యుండును. నాలుగవది: మందు పుచ్చుకొన్న తరువాత కూడ చాలమందికి అది ఉన్నదనియే చూపుచుండును. కావున కుదిరినదా లేదా యని మాటిమాటికి రక్తమిచ్చుట డబ్బు దండుగ.

మఱియొక హెచ్చరిక. రక్తములో ప్రతిరక్షకములను చూచి క్షయరోగము కలదని చెప్పు పరీక్షలు మన దేశమున చాలకాలము విచ్చలవిడిగా సాగినవి. అవి నమ్మదగినవి కావని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తేల్చి చెప్పినది. 2012లో మన ప్రభుత్వము వానిని నిషేధించినది. కావున ఎవరైనను రక్తపరీక్ష యన్నప్పుడు, అది యే పరీక్షయో, ఎందులకో యడిగి తెలిసికొనుట మన హక్కు.

ఈ సంగతులన్నియు విన్న పిమ్మట మా అమ్మాయి, "అయితే చేయించుకొమ్మందురా, మానుమందురా?" అని సూటిగా నడిగినది. డాక్టరమ్మగారు నవ్వి, "నేనడుగు ప్రశ్నకు నీవు జవాబు చెప్పుము. ఉన్నదని వచ్చినచో మందు పుచ్చుకొందువా? పుచ్చుకొందునన్నచో పరీక్షకు అర్థమున్నది. ఏది వచ్చినను ఏమియు చేయననుకొన్నచో, ఆ కాగితము నీకు దిగులు తప్ప మఱేమియు నీయదు" అనిరి. మాకు ఆ మాట దీపము పెట్టినట్లయినది. అంతవఱకు మేమందఱము "ఏమి వచ్చునో" యని భయపడితిమే కాని, "వచ్చినచో నేమి చేయుదుము" అని యాలోచించినవారు లేరు.

మందు సంగతి యిది. క్రిమి నిద్రించుచున్నప్పుడే దానిని తుదముట్టించుటకు ఐసోనియాజిడ్ అను మాత్రను దినదినమును ఆఱు మాసములు వాడవచ్చును. లేదా ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ అను రెండు మందులను కలిపి వారమున కొకమాఱు చొప్పున పండ్రెండు వారములు వాడవచ్చును. రోగి క్రిమి మామూలు మందులకు లొంగనిదైనచో ఇంటివారికి ఇచ్చు మందును కూడ వేఱుగా నాలోచింపవలసి యుండును. ఈ మందులు అమృతము కావు. కొందఱికి కాలేయము దెబ్బతినవచ్చును. ఆకలి పోవుట, వాంతులు, కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురు రంగుగా నగుట కనబడినచో మందు ఆపి వెంటనే వైద్యుని చూడవలెను. రిఫాపెంటిన్ వలన మూత్రము నారింజవర్ణమగుట మాత్రము మామూలే, భయపడనక్కఱలేదు. చేతులు కాళ్లు తిమ్మిరియెక్కినచో చెప్పవలెను. దానికి తగిన విటమిను నిత్తురు. స్త్రీలు ముఖ్యముగా తెలిసికొనదగినది మఱియొకటి కలదు. వారమున కొకమాఱు వాడు ఆ మందు గర్భనిరోధపు మాత్రల శక్తిని తగ్గించును. గర్భవతులకు ఆ మందు నీయరు. ఈ మాట మగవారు అడుగరు, మనము సిగ్గుపడి యడుగము. అడుగవలెను.

నూటికి తొంబదిమందికి రోగమే రానప్పుడు ఇంత మందు ఎందులకని మీరడుగవచ్చును. మేమును అడిగితిమి. అందఱికిని ఒకటే జవాబు కాదని మాకు తెలిసినది. మా యింటి యేడుగురిలో ఎవరి సంగతి వారిదయినది.

పిల్లవానికి రక్తపరీక్షయే చేయలేదు. అయిదేండ్లలోపు పిల్లలకు రోగము త్వరగా ముదురును, మెదడునకు సైతము ప్రాకవచ్చును. అందువలన రోగము లేదని పరీక్షించి నిర్ధారించుకొన్న వెంటనే, పరీక్షతో పనిలేకయే వారికి నివారణమందు మొదలుపెట్టుదురు. మా అత్తగారికి ఎక్స్‌రే తీసిరి, బాగుగా నున్నది. ఆమె గుండెకొఱకు రక్తమును పలుచబఱచు మందు వాడుచున్నారు. నివారణమందు దానితో పొసగదు; ఆ వయసున కాలేయమునకు కూడ హెచ్చు శ్రమ. మందు ఈయలేనప్పుడు పరీక్ష యేలయని డాక్టరమ్మగారే మాన్పించి, రెండేండ్లపాటు దగ్గు జ్వరములను కనిపెట్టి యుండుమనిరి. తనకు వలదని వైద్యులే చెప్పునప్పటికి మా అత్తగారికి ఆమెపై నమ్మకము కుదిరినది! "అందఱినీ ఒకే గాటకు కట్టేయలేదే" యని మెచ్చుకొనిరి.

మాకు మధుమేహము కలదు. మధుమేహము గలవారిలో నిద్రించు క్రిమి మేల్కొనుట తక్కినవారికంటె రెండు మూడు రెట్లు హెచ్చు. కావున మేము చేయించుకొన నిశ్చయించితిమి. మిగిలినది మా అమ్మాయి. ఆమె వయసు చిన్నది, కాలేయము గట్టిది. పినతండ్రితో కలిసి ఒకే గదిలో కూర్చుండి పిల్లవానికి చదువు చెప్పుచుండెడిది. రేపు పెండ్లియై తల్లి కావలసినది. కాన్పు వెళ్లిన తరువాతి మాసములలో క్షయ పైకి తేలుట కొంత హెచ్చని వైద్యులెఱుగుదురు. ఆ మాట వినిన పిమ్మట ఆమె నాయనమ్మ దగ్గఱ కూర్చుండి, "నాయనమ్మా, పరీక్ష మానేస్తే క్రిమి ఉండకుండా పోతుందా? ఉంటే ఇప్పుడు మీ అందరి దగ్గరే మందు మింగుతాను. తరువాత అయితే అత్తవారింట, చంటిబిడ్డతో మింగాలి" అన్నది. మా అత్తగారు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "వెళ్లి రండి. ఎండ యెక్కకముందే బయలుదేరండి" అని మాత్రము అనిరి.

మావారు, మేము, మా తోడికోడలు, అమ్మాయి నలువురమును ముందు ఎక్స్‌రే తీయించుకొని, రోగము లేదని తేలిన పిమ్మట రక్తమిచ్చితిమి. మావారికి లేదని వచ్చినది. మా తోడికోడలికి లేదనియే వచ్చినది. ఎనిమిది వారముల పిమ్మట మఱల చూచినను లేదు. మగని పక్కనే యున్న మనిషికి లేకపోవుటయు, మాకును మా అమ్మాయికిని ఉన్నదని వచ్చుటయు చూచి అందఱము విస్తుపోయితిమి. గాలిలోని క్రిమి ఎవరిలో ప్రవేశించునో, ఎవరిని విడుచునో చుట్టరికము చూచి నిర్ణయింపదు. మాకు వచ్చినది మా మఱది వలననో, చిన్ననాడు మా పుట్టింటి యూరిలోనో యెవరు చెప్పగలరు? 2019 మొదలు 2021 వఱకు మన దేశమంతట జరిపిన సర్వేలో, పదునైదేండ్లు దాటినవారిలో నూటికి ముప్పదియొక్కరికి పైగా ఈ క్రిమి లోపల నున్నట్లు ఇట్టి రక్తపరీక్ష వలననే తేలినది. అనగా పేరంటమునకు వచ్చిన ప్రతి ముగ్గురు ముత్తయిదువలలో నించుమించు నొకరు. ఇందులో ఎవరు ఎవరిని వెలివేయవలెను?

మేమును అమ్మాయియు ప్రతి యాదివారమును టిఫిను తరువాత మాత్రలు వేసికొనుచున్నాము. మొదటి రెండు వారములు మాకు సాయంకాలమునకు ఒళ్లునొప్పులు, కొద్దిగా జ్వరము వచ్చినవి. అమ్మాయికి ఏమియు లేదు. మా మధుమేహపు మందులను కూడ వైద్యులకు చూపి సరిచేయించుకొంటిమి. పిల్లవానికి దినదినమును మా తోడికోడలే మాత్ర నూఱి యిచ్చుచున్నది. మా మఱది బరువు పెరిగి మఱల పొలము పనులు చూచుకొనుచున్నాడు.

ఇల్లు నడుపువారము గనుక ఇంకొక రెండు మాటలు. మొదట మా అత్తగారు మా మఱదికి కంచము, గ్లాసు వేఱుచేసిరి. క్షయ కంచముల వలన రాదు, బట్టల వలన రాదు. దగ్గినప్పుడు గాలిలోనికి వచ్చు తుంపరల వలన వచ్చును. వేఱుచేయవలసినది కంచము కాదు, తెఱవవలసినది కిటికీ. మందు సరిగా పడినచో కొద్ది వారములలోనే అంటించు గుణము చాలవఱకు తగ్గిపోవును. రోగిని ఇల్లు వెడలగొట్టనక్కఱలేదని 1956లో మదరాసున నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రమువారు ఏనాడో ఋజువు చేసిరి. ఇంటనుండి మందు వాడినవారును చికిత్సాలయములో నున్నవారును సమముగా కోలుకొనిరనియు, ఇంటనుండుట వలన ఇంటివారికి అదనపు ముప్పు రాలేదనియు ఆ పరిశోధనలో తేలినది.

రెండవది తిండి. ఝార్ఖండు రాష్ట్రమున క్షయరోగుల యిండ్లలో పదివేలమందికి పైగా కుటుంబసభ్యులపై జరిపిన యొక గొప్ప పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవి. ఒక భాగమునందలి యిండ్లలో ప్రతి పెద్దమనిషికిని నెలకు అయిదు కిలోల బియ్యము, కిలోన్నర కందిపప్పు, విటమిను మాత్రలు ఇచ్చిరి. ఆ యిండ్లలో క్రొత్తగా క్షయ వచ్చుట మిగిలిన యిండ్లకంటె నూటికి ముప్పదితొమ్మిది వంతులు తగ్గినది. పప్పన్నమునకు అంత శక్తి కలదు. అందఱికిని వడ్డించి అడుగంటిన పప్పుతో సరిపెట్టుకొను తల్లులు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను.

ఇక పెండ్లి సంగతి. దాచుదమని చుట్టములు కొందఱు చెప్పిరి. దాచినచో, ఆదివారము మాత్ర మ్రింగునప్పుడెల్ల మా పిల్ల ఏదో నేరము చేసినదానివలె తలుపు వేసికొనవలసి వచ్చును. అది మాకు సమ్మతము కాలేదు. ఆమెకు అంతకంటెను కాలేదు. ఆమె సమ్మతితోనే మావారును మేమును పోయి, పెండ్లివారితో ఉన్నదున్నట్లు చెప్పితిమి: రోగము లేదు, అంటునది కాదు, రాకుండుటకై మందు వాడుచున్నది, ఇంకను అయిదు వారములు కలవు. పిల్లవాని తండ్రి శాంతముగా వినెను. తల్లి మాటిమాటికి మా ముఖము వంక చూచి, "ఆలోచించుకొని కబురు చేసెదము" అనినది. ఈ వ్యాసము వ్రాయునాటికి కబురు రాలేదు. రాకపోయినచో మాకు బాధ కలుగదని చెప్పజాలము. కాని మా అత్తగారు మొన్న పొరుగింటావిడతో అనుచుండగా వింటిమి: "మా పిల్ల మందు సగంలో మానేది కాదు. అలాంటి పిల్లను వద్దనుకుంటే వాళ్లకే నష్టం."

సోదరీమణులారా, మీ యింటను ఎప్పుడైనను ఇట్టి ప్రశ్న రావచ్చును. చేయించుకొనుడనియో, మానుడనియో మేము చెప్పుట లేదు. అది మీ శరీరస్థితిని చూచు వైద్యులును మీరును కలిసి తేల్చుకొనవలసినది. పోవునప్పుడు ఈ ప్రశ్నలను మాత్రము కొంగున ముడివేసికొని పొండు. నాకు ముందుగా రోగము లేదని చూచితిరా? ఈ పరీక్ష చర్మముదా, రక్తముదా, నాకు తగినదేది? ఉన్నదని వచ్చినచో ఏ మందు, ఎన్ని వారములు? నేను వాడు ఇతర మందులతో, నా గర్భముతో, నా చంటిబిడ్డతో అది పొసగునా? లేదని వచ్చినచో మఱల చూడవలెనా? ఈ ప్రశ్నలకు జవాబులు విని, "ఫలితమేదైనను నేను చేయవలసినది నాకు తెలిసినది" అని మీ మనసు చెప్పిననాడు చేయి చాపుడు. తెలియనిచో మఱల అడుగుడు. అడుగుటకు సిగ్గుపడి, ఊరివారి మాటకు భయపడి, మన పిల్లల యూపిరి విషయమును చీకటిలో నుంచుట మాత్రము మనకు తగదు.